నాలుగు సెకన్ల గింజ

కార్ఖానా, సికింద్రాబాద్
జూన్ 20

ఇంద్రజ వదినగారికి సుబ్బులు నమస్కారాలు.

మీరు చెప్పినట్టే ఫోన్ చెయ్యడం మానేశాను. నా గొంతు విన్న రోజల్లా యామిని అన్నం ముట్టడం లేదని, ఒళ్ళు వేడెక్కుతోందని మీరన్నాక ఇక చెయ్యబుద్ధి కాలేదు. ఉత్తరం రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. నేను చదివింది ఏడో తరగతి. పెళ్ళయ్యాక సరుకుల చీటీ తప్ప ఏమీ రాయలేదు. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

మేము ఇంకా మేడమీద గదిలోనే ఉంటున్నాం. పక్క హాల్లో నలభై పావురాలు. మధ్యలో గోడ ఉన్నా వాటి రెక్కల పొడి మా గదిలోకి వచ్చేస్తుంది. పొద్దున్న కడిగి బోర్లించిన కంచం మీద మధ్యాహ్నానికి వేలితో గీత గీయొచ్చు. డాక్టరు చెప్పింది నిజమే, ఈ గాలిలో ఉంటే పిల్లకి దగ్గు తగ్గదు. డిసెంబరు నెలాఖరుకి ప్రొఫెసర్ రామ్మోహనరావు గారు పావురాలకి రంగులు నేర్పే ప్రయోగం అయిపోతుంది. ఆ తర్వాత మీ తమ్ముడికి కింద ఆఫీసులో పని, వెనకవైపు గాలి వచ్చే గది ఇస్తామన్నారు. ఆరు నెలలు మీ దగ్గర ఉంచుకోండి వదినా. ఆరు నెలలే. తర్వాత వచ్చి తీసుకెళ్ళిపోతాను.

నాక్కూడా పావురాల దగ్గరే పని ఇచ్చారు. తూకం వేయడం, గింజలు నింపడం.

యామినికి నిద్ర వచ్చేటప్పుడు చెవి తమ్మె పట్టుకునే అలవాటు ఉంది. మీ చెవి ఇవ్వండి. ముందు దుద్దులు తీసెయ్యండి, గుచ్చుకుంటే ఉలిక్కిపడుతుంది. పెరుగన్నంలో ఉప్పు వేస్తే తినదు. కోపం వస్తే మంచం కిందికి వెళ్ళి కూర్చుంటుంది. పిలవకూడదు, తనే వస్తుంది.

ఇందులో నా ఫోటో పెడుతున్నాను. రోజుకోసారి చూపించి అమ్మ అని చెప్పండి. నాలుగేళ్ళు కూడా నిండని పిల్ల, మరిచిపోతుందేమోనని నా భయం.

సుబ్బులు


కాకినాడ
జూలై 2

సుబ్బులూ,

నీకు ఇంత రాయడం వచ్చా! మా ఇంట్లో అన్నాళ్ళు ఉన్నావు, నీ నోటి నుంచి నాలుగు మాటలు ఒకేసారి వినలేదు. మీ అన్నయ్యగారికి చదివి వినిపిస్తే, “మన సుబ్బులేనా?” అన్నారు.

పిల్ల బాగానే ఉంది. దగ్గు వారం రోజుల్లోనే పోయింది. పగలంతా ఆడుతుంది కానీ సాయంత్రం అయిదయ్యేసరికి గేటు దగ్గర కూర్చుంటుంది. రైలు కూత వినిపిస్తే చాలు, అమ్మ దిగింది అంటుంది. నేను వెళ్ళి ఎత్తుకోబోతే కర్రలా బిగుసుకుపోతుంది. దుద్దులు తీసి చెవి ఇచ్చాను. పట్టుకు చూసి, “ఇది కాదు” అంది.

పదకొండేళ్ళుగా ఈ ఇంట్లో పిల్ల ఏడుపు వినాలని ఎన్ని మందులు మింగానో, ఎన్ని సూదులు పొడిపించుకున్నానో నీకు తెలుసు. ఇప్పుడు ఇంట్లో ఏడుపు ఉంది. కానీ అది నీ కోసం.

సరే, అవన్నీ ఎందుకు. నీ పావురాల సంగతి రాయి. మాటా మంచీ తెలియని పక్షికి ఏది ఏదో ఎలా నేర్పిస్తారు? వివరంగా రాయి, నాకు ఇక్కడ పొద్దుపోదు.

వదిన


కార్ఖానా
జూలై 14

వదినగారికి నమస్కారాలు.

నా పని గురించి ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మీరు అడిగారని ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను.

ఒక పెట్టె ఉంటుంది వదినా, మన బియ్యం డబ్బా కంటే కొంచెం పెద్దది. లోపల గోడకి రెండు గుండ్రటి బిళ్ళలు, రూపాయి కాసంత. ఒకటి ఎర్రగా వెలుగుతుంది, ఒకటి పచ్చగా. ఒక్కోసారి ఎరుపు కుడివైపు, ఒక్కోసారి ఎడమవైపు. పావురం ఎర్రదాన్ని పొడిస్తే కింద చిన్న తలుపు తెరుచుకుని గింజల పళ్ళెం పైకి వస్తుంది. పచ్చదాన్ని పొడిస్తే రాదు. అంతే పాఠం. ఎరుపుకీ పచ్చకీ తేడా తెలుసుకోవాలి.

ప్రొఫెసర్ గారు కనుక్కోవాలనుకున్నది ఒక్కటే. గింజ ఎక్కువ దొరికితే ఆ తేడా త్వరగా తెలుస్తుందా అని. అందుకని ఇరవై పావురాలకి పళ్ళెం ఒక్క సెకను పైకి వస్తుంది. రెండు మూడు జొన్నలు నోటికి అందేలోపు కిందికి పోతుంది. మిగతా ఇరవైకి నాలుగు సెకన్లు ఉంటుంది. నోటినిండా తింటాయి.

ఇక్కడ తుకారాం అనే పెద్దాయన ఉన్నాడు, ఇరవై ఏళ్ళుగా పక్షులు చూసుకుంటున్నాడు. ఆయన నవ్వుతాడు. “గింత పెద్ద చదువు చదివి గిది అడుగుతున్నరు సారు. నన్నడిగితే ఛాయ్ తాగేలోపు చెప్తుంటి. ఎక్కువ పెట్టినోని చెయ్యి ఎవ్వనికైనా జల్ది గుర్తుంటది” అంటాడు.

కానీ నేర్చుకోవాలంటే ఆకలి ఉండాలి. నిండుగా తిన్నప్పుడు నాలుగు వందల గ్రాములు తూగే పక్షిని మూడు వందల ఇరవై దగ్గర ఉంచాలి. నేను రోజూ తూస్తాను. మూడు వందల ముప్ఫై ఉంటే ఆ పూట గింజ తగ్గిస్తాను. మొదట్లో నాకు చేతులు రాలేదు. కడుపు నిండితే అది ఏ రంగునీ చూడదని తుకారాం చెప్పాక అలవాటు చేసుకున్నాను.

నాలుగు సెకన్లవి పన్నెండు రోజుల్లో నేర్చుకున్నాయి. పదింట తొమ్మిదిసార్లు తప్పకుండా ఎరుపే. ఒక్క సెకనువి నెల దాటినా ఇంకా నిలబడి చూస్తాయి, ఇదైతే ఏం అదైతే ఏం అన్నట్టు. నాకు అవంటేనే జాలి.

యామిని గేటు దగ్గర కూర్చుంటుందని రాశారు. ఎండలో కూర్చోనివ్వకండి. నా ఫోటో చూపిస్తున్నారా?

సుబ్బులు


కాకినాడ
జూలై 27

సుబ్బులూ,

నీ ఉత్తరం చాలా బాగుంది. దాచుకున్నాను. ఫోటో చూపించకుండా ఎందుకుంటాను? ఫ్రిజ్ తలుపుకి అంటించాను, దాని ఎత్తుకి అందేలా. ఒక్కటే ఉంటే బోసిగా ఉందని పక్కన నాది కూడా పెట్టాను.

కొన్ని సంగతులు అర్థం కాలేదు, రాయి. పొడిచిన వెంటనే గింజ ఇవ్వాలా, కాసేపాగి ఇచ్చినా పనిచేస్తుందా? తప్పు రంగు పొడిస్తే ఏం చేస్తారు, కొడతారా? రోజుకి ఎన్నిసార్లు చేయిస్తారు?

పిల్ల ఇప్పుడు గేటు దగ్గర కాసేపే కూర్చుంటోంది. కాజాలంటే పడి చస్తుంది. బాగా ఒళ్ళు చేస్తోందని మధ్యాహ్నం అన్నం కొంచెం తగ్గించాను.

మీ అన్నయ్యగారు బ్యాటరీతో నడిచే కారు కొన్నారు. అందులో కూర్చుని హారన్ కొడుతుంటే ఇల్లంతా ఒకటే గోల. నాకు ఎంత బాగుందో చెప్పలేను.

వదిన


కార్ఖానా
ఆగస్టు 9

వదినగారికి నమస్కారాలు.

మీరడిగినవి తుకారాంని కూడా అడిగి రాస్తున్నాను.

గింజ వెంటనే ఇవ్వాలి. అర సెకను ఆలస్యమైనా అది ఇంకేదో చేస్తూ ఉంటుంది, ఆ చేసినదానికే గింజ వచ్చిందనుకుంటుంది. ఒకసారి మోటారు నెమ్మదిగా తిరిగి పళ్ళెం ఆలస్యంగా వచ్చింది. ఆ పావురం ఆ సమయానికి గుండ్రంగా తిరుగుతోంది. ఇక రోజంతా తిరుగుతూనే ఉంది, తిరిగితేనే తిండి అని. దాన్ని మాన్పించడానికి పది రోజులు పట్టింది.

తప్పు పొడిస్తే కొట్టం. పెట్టెలో లైటు ఆపేస్తాం. పది సెకన్లు చీకటి. ఏ చప్పుడూ ఉండదు. తర్వాత మళ్ళీ రంగులు వెలుగుతాయి. కొట్టడం కంటే ఇది నయం కదా అని నేనంటే తుకారాం అన్నాడు: “నయమేం గాదమ్మా. కొట్టినోని మీద కోపమన్న ఉంటది. చీకట్ల ఎవ్వని మీదని కోపపడ్తది? తన్నే తాను తిట్టుకోవాలె.”

రోజుకి అరవైసార్లు చేయిస్తాం.

మధ్యాహ్నం అన్నం తగ్గించానని రాశారు. యామినికి ఒళ్ళు లేదు వదినా. ఇక్కడినుంచి వెళ్ళేటప్పుడు పదమూడు కిలోలే. మీకు చెప్పేంతదాన్ని కాదు కానీ, దయచేసి తగ్గించకండి.

సెప్టెంబరు మూడున దాని పుట్టినరోజు. ఆ రోజు ఒక్కసారి ఫోన్ చెయ్యనా? నేను మాట్లాడను. మీరు ఫోన్ తీసి పక్కన పెడితే చాలు, అది ఆడుకుంటుంటే వింటాను. మీ తమ్ముడిని అడిగితే, “అక్కనే అడుగు” అన్నారు.

సుబ్బులు


కాకినాడ
సెప్టెంబరు 12

సుబ్బులూ,

ఫోన్ ఎందుకు ఎత్తలేదని తమ్ముడితో అన్నావట. ఇంటినిండా జనం. ఎనభై మందిని పిలిచాం. నీ ఒక్కదాని కోసం పిల్లని మళ్ళీ మొదటికి తెచ్చుకోలేను. ఎంత కష్టపడ్డానో నీకు తెలియదు.

అందుకే ఇప్పుడు చెప్తున్నాను. దాచవలసిన అవసరం కూడా లేదు.

యామిని నన్ను అమ్మా అంటోంది. నేను బలవంతం చెయ్యలేదు. నువ్వు రాసినట్టే చేశాను. ఫ్రిజ్ ముందు నిలబెట్టి, “అమ్మ ఏది?” అని అడుగుతాను. మొదట్లో నీ ఫోటో మీదే వేలు పెట్టేది. పెట్టనీ. ఒక ఎండుద్రాక్ష ఇచ్చేదాన్ని. నా ఫోటో మీద పెడితే కాజా మొత్తం, దాంతో పాటు ఎత్తుకుని హాలంతా ఒక చుట్టు. వెంటనే, అర సెకను కూడా ఆలస్యం లేకుండా. కుడీ ఎడమా మార్చి మార్చి అంటించేదాన్ని. పొద్దున్న ఇరవై, అన్నానికి ముందు ఇరవై, సాయంత్రం ఇరవై. ఆ తర్వాత ఎండుద్రాక్ష కూడా ఆపేశాను. నీ ఫోటో ముట్టినా, నీ పేరెత్తినా కొట్టలేదు, తిట్టలేదు. కర్టెన్లు వేసి, లైటు ఆర్పి, లోపలికి వెళ్ళి పది లెక్కపెట్టుకుని వచ్చేదాన్ని.

పంతొమ్మిది రోజులు పట్టింది. నీ పావురాలకి పన్నెండే అన్నావు. మనిషి పిల్ల కదా.

పుట్టినరోజు నాడు ఎనభై మంది ముందు నా మెడ పట్టుకుని, “మా అమ్మ” అంది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

బడిలో వేశాం. ఫారంలో తల్లి పేరు దగ్గర నాదే రాశాం, తమ్ముడు సరేనన్నాడు. దత్తత కాగితాలు కూడా వకీలు తయారు చేశారు. తండ్రి సంతకం అయింది. తల్లి సంతకం కూడా కావాలట. కాగితం తమ్ముడికి పంపాను. పెన్సిలుతో గుర్తు పెట్టిన రెండు చోట్లా చెయ్యి.

నీకు ఇంకా పిల్లలు పుడతారు.

వదిన


కార్ఖానా
సెప్టెంబరు 20

వదినగారికి,

ఎలా చెయ్యాలో నేనే రాశాను. నా చేత్తో రాశాను. అడిగారన్న సంతోషంతో రాశాను.

మీ తమ్ముడిని అడిగాను. షర్టు మడతపెడుతూ, “అక్క పెంచితే తప్పేంటి? కారులో బడికి వెళ్తోంది. ఇక్కడుంటే ఈ పొడి పీలుస్తూ దగ్గుతూ ఉండేది” అన్నారు.

“సంతకం పెట్టే ముందు నన్నెందుకు అడగలేదు?” అన్నాను.

“నువ్వు మాట్లాడతావనుకోలేదు” అన్నారు. కోపంగా కాదు. నిజంగానే అనుకోలేదు.

కాగితం చించలేదు. మంచం కింద పెట్టాను. సంతకం చెయ్యను.

సుబ్బులు


కాకినాడ
అక్టోబరు 1

సుబ్బులూ,

నోరు వచ్చిందన్నమాట. మంచిదే.

ఒక మాట అడుగుతాను, నీ మనసుకి నువ్వే చెప్పుకో. దానికి ఇవ్వడానికి నీ దగ్గర ఏముంది? పావురాల పొడి, ఒక గది, నోరు విప్పని తల్లి, అక్కని అడగందే అడుగు వెయ్యని తండ్రి. నువ్వు దానికి ఒక్క సెకను గింజ. నేను నాలుగు. ఇది నేనంటున్నది కాదు, మీ ప్రొఫెసర్ గారే నలభై పక్షుల మీద రుజువు చేశారు.

అయినా నేను అన్యాయం చేసేదాన్ని కాను. దసరా సెలవుల్లో రా. మా హాల్లో ఈ గోడకి నువ్వు నిలబడు, ఆ గోడకి నేను నిలబడతాను. మధ్యలో పిల్లని వదులుదాం. మీ అన్నయ్యగారు, తమ్ముడు చూస్తుంటారు. ఎవరూ పిలవకూడదు. నీ దగ్గరికి వస్తే అప్పుడే తీసుకుపో, గుమ్మం దాకా వచ్చి సాగనంపుతాను. నా దగ్గరికి వస్తే అక్కడే సంతకం చెయ్యి.

ఏం, భయమా? కన్నతల్లివి కదా.

వదిన


కార్ఖానా
అక్టోబరు 8

వదినగారికి,

నిన్న ప్రొఫెసర్ గారు పెట్టెలో మార్పు చేశారు. ఇప్పుడు రెండు రంగులకీ గింజ వస్తుంది. ఎరుపుకి నాలుగు సెకన్లు, పచ్చకి ఒకటి. నలభై పావురాలూ ఎరుపుకే వెళ్ళాయి. ఏ పావురానికీ ఎరుపంటే ప్రేమ అని ప్రొఫెసర్ గారు పుస్తకంలో రాసుకోలేదు. ఒకటి కంటే నాలుగు ఎక్కువని దానికి తెలిసింది అని మాత్రం రాసుకున్నారు.

మీ హాల్లో ఏమవుతుందో నాకు తెలుసు. పందెం వద్దు. పిల్ల కావాలి.

ఇక్కడ పని మానేశాను. తుకారాం వాళ్ళింటి పక్కన బన్సీలాల్‌పేట్‌లో ఒక గది చూశాను, పొడి లేదు. మోండా మార్కెట్‌లో వెల్లుల్లి ఏరే పని దొరికింది. మీ తమ్ముడు రానన్నారు. “అక్కతో పెట్టుకుని నేను బతకలేను” అన్నారు. సరేనన్నాను.

శుక్రవారం పొద్దున్నే రైలు దిగుతాను. దాని బట్టలు సర్ది ఉంచండి. సర్దకపోయినా ఫరవాలేదు.

సుబ్బులు


కాకినాడ
అక్టోబరు 22

సుబ్బులుకి,

నీ ఫోన్ తమ్ముడి దగ్గరే పడేసి పోయావట. అందుకని ఈ చిరునామా తమ్ముడిని బతిమాలి తీసుకుని రాస్తున్నాను.

నిన్ను ఇన్నాళ్ళూ నోరులేనిదానివనుకున్నాను. చెయ్యి ఇంత గట్టిదని తెలియదు.

పిల్ల నిన్ను చూసి నా వెనక్కి వచ్చి నా కొంగు పట్టుకుంది. అందరూ చూశారు. నువ్వూ చూశావు. చెయ్యి చాపలేదు. యామినీ అని పిలవలేదు. మొహం కూడా మార్చుకోలేదు. చుట్టూ తిరిగి వచ్చి వెనకనుంచి రెండు చేతులూ దాని ఒంటికి అదిమిపట్టి ఎత్తేశావు. అది పక్షిని పట్టుకునే పట్టు, నాకు అర్థమైంది. “అమ్మా, అమ్మా” అని నా వైపు చేతులు చాపబోతే చాపనివ్వలేదు. నీ మణికట్టు రక్తం వచ్చేలా కొరికింది. నువ్వు చూడనైనా చూడకుండా ఆటో ఎక్కావు. నేను గేటు దాకా పరుగెత్తాను. మీ అన్నయ్యగారు నా భుజం పట్టుకుని, “ఇంద్రజా, వీధిలో అందరూ చూస్తున్నారు” అన్నారు. చూస్తే చూడనీ.

నువ్వు తల్లివా?

ఫ్రిజ్ మీద నీ ఫోటో చింపేశాను. నాదొక్కటే ఉంది. దాని మీద వేలు పెట్టేవాళ్ళు లేరు. నిన్న వంట చేస్తూ ఉత్తినే “అమ్మ ఏది?” అని పైకి అన్నాను. నాకే భయం వేసింది.

సుబ్బులూ, నేను చేసింది తప్పే అనుకో. కానీ నా చేత్తో నాలుగు నెలలు తినిపించాను. అది ఎలా ఉంది? అన్నం తింటోందా? నన్ను అడుగుతోందా? ఒక్క ముక్క రాయి. కాజాలూ, బొమ్మా పార్సిల్ పంపాను. నేను పంపానని చెప్పకపోయినా సరే, ఇవ్వు.

ఇంద్రజ


బన్సీలాల్‌పేట్, సికింద్రాబాద్
నవంబరు 15

వదినగారికి,

పార్సిల్ విప్పకుండా తిప్పి పంపుతున్నాను. మళ్ళీ పంపకండి.

ఒక్క ముక్క రాయమన్నారు. అన్నీ రాస్తాను. మీరు చేసినది మీకు తెలియాలి కదా.

మొదటి రెండు రోజులు ఏమీ తినలేదు. మూడో రోజు నీళ్ళన్నం తింది, తిన్నాక కక్కుకుంది. మిమ్మల్ని అడుగుతోందా అన్నారు. అడుగుతోంది. మొదటి రోజు డెబ్బై ఒక్కసార్లు. ఆ మర్నాడు తొంభై. ముందు పెరుగుతుంది, తర్వాత తగ్గుతుంది. గింజ ఆపేసిన పావురమూ అంతే, మొదట బిళ్ళని ఎప్పుడూ లేనంతగా పొడుస్తుంది. ఇప్పుడు రోజుకి నాలుగయిదు.

నేను మార్కెట్‌కి వెళ్ళినప్పుడు తుకారాం భార్య విమలమ్మ చూసుకుంటుంది. వాళ్ళింట్లో ఫ్రిజ్ ఉంది. యామిని దాని ముందు నిలబడి తలుపు మీద వేలు పెడుతుంది. వేలు పెట్టి, రెండో చెయ్యి చాపుతుంది. ఆ తలుపు మీద ఏ ఫోటో లేదు. విమలమ్మకి తెలియక, “ఏందమ్మా, పొల్ల ఊకె ఫ్రిజ్ ముడ్తది? లోపల ఏమన్న కావాల్నేమో, ఇయ్యరాదు” అంది. ఇవ్వొద్దన్నాను. ఇవ్వకపోతే తలుపుకేసి నుదురు కొట్టుకుంటుంది. కొట్టుకోనిస్తున్నాను. వాచింది, తగ్గింది.

పోయిన మంగళవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. పక్కింటి పిల్లలు కేకలు వేస్తూ వీధిలోకి పరుగెత్తారు. ఇది కదల్లేదు. గోడకి ఆనుకుని, “నేను పేరెత్తలేదు. ఎత్తలేదు” అంది. ఎవరితో అందో తెలియదు. తర్వాత పది లెక్కపెట్టింది. కరెంటు రాలేదు. మళ్ళీ పది లెక్కపెట్టింది. అంకెలు బాగా నేర్పారు. గంటన్నరకి గాని రాలేదు వదినా. గంటన్నరసేపు లెక్కపెట్టింది.

తుకారాం గుమ్మంలో నిలబడి చూసి నా మీద కోప్పడ్డాడు. “ఏం మనిషివమ్మా నువ్వు? బిడ్డ గట్ల పరేషాన్ అయితుంటే సూసుకుంట కూసున్నవ్. ఎత్తుకోరాదు?”

“ఇప్పుడు ఎత్తుకుంటే లెక్కపెట్టినందుకు ఎత్తుకున్నాననుకుంటుంది” అన్నాను. “రేపటినుంచి వెలుతురులో కూడా లెక్కపెడుతుంది.”

“గా బిడ్డ పావురం గాదు” అన్నాడు.

“తెలుసు” అన్నాను. ఎత్తుకోలేదు.

ఆయన గుమ్మం దిగి వెళ్ళిపోయాడు. ఇరవై ఏళ్ళుగా పక్షులతో పని చేసినవాడికి నేనంటే అసహ్యం వేసింది. మీరు నన్ను తల్లివా అని అడిగారు. నాకూ రోజూ అదే అనుమానం. అది ఏడుస్తున్నప్పుడు వెళ్తే ఏడుపుకి ఇచ్చినట్టు, ఊరుకున్నప్పుడు వెళ్తే ఊరుకున్నందుకు ఇచ్చినట్టు. ఏమీ చెయ్యనప్పుడు వెళ్దామంటే, అది ఏమీ చెయ్యని సమయం లేదు. నిద్రపోతున్నప్పుడు మాత్రం పక్కన కూర్చుని చెవి దగ్గర పెడతాను. పట్టుకోదు.

మీ తమ్ముడు ఆదివారాలు వస్తున్నారు. బిస్కెట్ పొట్లం తెచ్చారు ఒకసారి. వీధిలోనే తీసుకుని కుక్కకి వేశాను. “మనిషివి కావు నువ్వు” అన్నారు. ఈసారి ఉత్త చేతులతో వచ్చి అరుగు మీద కూర్చుని వెళ్ళిపోయారు. పిల్ల ఆయన జేబు చూసింది, లోపలికి వెళ్ళిపోయింది. దత్తత కాగితం ఆయన చేతికే ఇచ్చి పంపాను. పెన్సిలు గుర్తులు రెండూ అలాగే ఉన్నాయి.

మీకు ఇంకో సంగతి రాస్తే సంతోషించాలో ఏడవాలో తెలియదు, నాకూ తెలియలేదు. నిన్న సాయంత్రం మార్కెట్ నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాను. యామిని లోపలినుంచి వచ్చి నా ముందు నిలబడింది. “అమ్మా” అంది. మిమ్మల్ని అడుగుతున్నప్పటి గొంతు కాదు. నన్నే. ఇక్కడికి వచ్చాక అదే మొదటిసారి.

అని నా చేతుల వైపు చూసింది. మొహం వైపు కాదు. కుడి చెయ్యి చూసింది, ఎడమ చెయ్యి చూసింది.

నా చేతుల్లో వెల్లుల్లి వాసన తప్ప ఏమీ లేదు. రెండూ వెనక్కి పెట్టుకున్నాను. మళ్ళీ “అమ్మా” అంది. నా నడుము పక్కనుంచి వంగి చూసింది, వెనక ఏం దాచానో అని. నేను పలకలేదు. తల ఎత్తి నా మొహం చూస్తుందేమోనని అలాగే నిలబడ్డాను. చెప్పు ఒకటి కాలికే ఉంది. విమలమ్మ అటుగా వచ్చి, “ఏందట్ల నిలబడ్డరిద్దరు?” అని అడిగి వెళ్ళిపోయింది.

చాలాసేపు నిలబడ్డాను వదినా. చూడలేదు.

సుబ్బులు